‘వైరస్ టెస్టెడ్’ స్టిక్కర్ ఉన్న కళింగర విత్తనం కొనేముందు రిపోర్టు అడగండి

అనంతపురం, కడప వైపు ఎండాకాలం పంటకు కళింగర (పుచ్చకాయ), కర్బూజ విత్తనాలు కొనేవాళ్లంతా జాగ్రత్త. కొన్ని అంగళ్లలో ప్యాకెట్ మీద ‘వైరస్ టెస్టెడ్’ అని విడిగా ఒక స్టిక్కర్ అంటించి, పక్క ప్యాకెట్ కంటే నాలుగు వందలు ఎక్కువ గుంజుతున్నారు. కంపెనీ అచ్చువేసిన లేబుల్‌లో ఆ మాట ఎక్కడా ఉండదు.

మాకు అమ్మినాయన “ల్యాబ్‌లో పాసైన సరుకన్నా, ఇంక నీకు టెన్షన్ లేదు” అన్నాడు. తీగ పాకే దశలో అక్కడక్కడ ఆకుల మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు పడ్డాయి. మందు కొట్టినా తగ్గలేదు. కాయ మాత్రం బయటికి నిగనిగలాడుతూ ఊరింది. వ్యాపారి వచ్చి ఒకటి కోశాడు. గింజల చుట్టూ కండ స్పాంజిలా వదులైపోయి, ఎరుపు కాస్తా మురికి రంగుకు తిరిగి, మధ్యలో పసుప్పచ్చటి పీచు, పులిసిన వాసన. ఇంకో మూల నుంచి ఇంకోటి కోసినా అదే. “ఇది మార్కెట్లో దింపనీరప్పా” అని కాటా తీసి మళ్లీ బండిలో వేసుకున్నాడు.

ఆకు రసం తీసి స్ట్రిప్ పరీక్ష చేయిస్తే కరోనా కిట్‌లో లాగే రెండు గీతలు వచ్చాయి. వైరస్ పేరు కుకుంబర్ గ్రీన్ మాటిల్ మొజాయిక్, పొట్టిగా సీజీఎంఎంవీ. 1935లోనే ఇంగ్లండ్‌లో కీరాలో దీన్ని గుర్తించారు. ముఖ్యంగా గింజ పైపొట్టుకు అంటుకుని వస్తుంది. ఒక్క మొక్కకు ఉన్నా చాలు, కొసలు తుంచే చేతులు, కత్తులు, బట్టల ద్వారా సాలంతా పాకుతుంది. దీన్ని చంపే మందు లేదు.

అంగడాయన వాదన ఏమంటే, ఆకులో వైరస్ ఉన్నంత మాత్రాన అది విత్తనంతోనే వచ్చినట్టు కాదని. ఆ మాట తప్పేమీ కాదు. పాత తీగల చెత్త నుంచి, కూలీల కత్తుల నుంచి కూడా వస్తుంది. కానీ మా చేలో అంతకుముందు వేసింది వేరుశనగే. సరే, నీ టెస్టు రిపోర్టు చూపించు అన్నాం. వాట్సాప్‌లో మొదట పంపింది మొలక శాతం, భౌతిక స్వచ్ఛత రిపోర్టు. అందులో వైరస్ ఊసే లేదు. గట్టిగా అడిగితే రెండోది పంపాడు. దాంట్లో లాట్ నంబరు, అంటే ఒక విడత విత్తనానికి కంపెనీ వేసే నంబరు, మా ప్యాకెట్‌ది కాదు. పరీక్షించిన గింజలు వంద.

వంద గింజల పరీక్షతో ఏమీ తేలదు. వెయ్యి గింజల్లో ఒకదానికే వైరస్ ఉందనుకోండి, వంద తీసి చూస్తే పదిసార్లలో తొమ్మిదిసార్లు ‘లేదు’ అనే వస్తుంది. ఆస్ట్రేలియాలో 2014లో ఈ వైరస్ కళింగర తోటల్లో బయటపడ్డాక, దిగుమతి అయ్యే ఈ జాతి విత్తనాలకు లాట్‌కు 9,400 గింజలు పరీక్షించాలని పెట్టారు. మన 50 గ్రాముల ప్యాకెట్‌లో ఉండేది అటూ ఇటూగా వెయ్యి గింజలు. పైగా పరీక్షకు గింజల్ని నూరేస్తారు. కాబట్టి కొన్న ప్యాకెట్‌ను రైతే టెస్టు చేయించుకోవాలనడం అయ్యే పని కాదు. లాట్ మొత్తం చేతిలో ఉన్నప్పుడు కంపెనీయే ఎలైసా, పీసీఆర్ లాంటి ల్యాబ్ పద్ధతులతో చేయించాలి.

ఇంకో మోసం, ‘ఏ వైరస్ రాదు’ అని చెప్పడం. కళింగరలో మొవ్వు మాడ్చే బడ్ నెక్రోసిస్ వైరస్ తామర పురుగులతో వస్తుంది, విత్తనంతో కాదు. 2000లో మన అనంతపురం జిల్లా వేరుశనగను ఊడ్చేసిన కాండం కుళ్ళు వైరస్ కూడా వయ్యారిభామ పుప్పొడి, తామర పురుగుల ద్వారా వచ్చిందే. వీటికి విత్తనం టెస్టు చేశామని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. ‘ట్రీట్‌మెంట్ చేశాం’ అన్నా అంతే. ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే రసాయనం కలిపిన నీళ్లలో కడిగితే పైపొట్టు మీది వైరస్ చాలావరకు పోతుంది, మంచిదే. కానీ అది టెస్టు కాదు, దానికి టెస్టు రేటు కట్టక్కర్లేదు.

మరి అంగట్లో ఏమడగాలి? ఏ వైరస్‌కు చేశారు, ఎన్ని గింజలు, ఏ పద్ధతి, ఏ తేదీ అన్నవి రిపోర్టులో ఉండాలి. లాట్ నంబరు మీ చేతిలోని ప్యాకెట్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మామూలు ప్యాకెట్ మామూలు ధరకు కొనుక్కోండి, కనీసం ఆ నాలుగు వందలు మిగుల్తాయి. 1966 విత్తన చట్టం ప్రకారం లేబుల్ మీద మొలక శాతం, స్వచ్ఛత ఉండాలి గానీ, ప్రతి లాట్‌కు వైరస్ పరీక్ష అడగదు. స్టిక్కర్ల ఆట ఇక్కడే నడుస్తోంది.

మేం ఉద్యాన శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, ఇంకా తేలలేదు. తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. విత్తనం చెడ్డదైతే రైతు అక్కడికి వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. రైతు విత్తనం దాచి పరీక్షకు పంపలేదన్న సాకును కూడా ఆ తీర్పులో ఒప్పుకోలేదు. అయినా ఖాళీ ప్యాకెట్లు పారేయకండి, వీలైతే ఒక ప్యాకెట్ విప్పకుండా పెట్టుకోండి. తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క తీసుకోవద్దు. లాట్ నంబరు వేసి, సంతకం పెట్టిన బిల్లు ఇచ్చేదాకా అంగడి దిగకండి.