ఒంగోలాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ 450 రిమోట్ హెలికాప్టర్ కొనబోయేవాళ్ళు ముందు ఇది చదవండి

అన్నలారా, పొద్దున జరిగింది, చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. కాస్త నెమ్మదించాక రాద్దామనుకున్నా. ఈలోపు ఇంకెవరన్నా డబ్బులు కట్టేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నా.

ఒంగోలాయన సంగతి నేను చెప్పక్కర్లేదు, మీలో సగం మంది ఆయన దగ్గర ఏదో ఒకటి కొన్నవాళ్ళే. పేరు రాయను. 450 సైజుది, ఫ్లైబార్ (రెక్కలకి అడ్డంగా ఉండే నిలకడ కడ్డీ) లేనిది, రిమోటూ రెండు బ్యాటరీలూ కలిపి 14,500కి తీసుకున్నా. "రెండుసార్లే లేచింది తమ్ముడూ, కొత్తదాని కిందే లెక్క" అన్నాడు. నేను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానని ముందే చెప్పా. మా పిల్లోడు పక్కనే ఉన్నాడు. వాడి తల నిమిరి "నాన్న ఎగరేస్తే చూస్తావా?" అని కూడా అడిగాడు.

బ్యాటరీల్లో ఒకటి వారానికే ఉబ్బింది. అది వదిలేయండి.

నేర్చుకోవడంలో నేను తొందరపడలేదు. రెండు నెలలు సిమ్యులేటర్ మీద తోక నావైపు పెట్టి హోవర్ చేయడం, అంటే గాల్లో ఒకేచోట నిలపడం, అదొక్కటే సాధన చేశా. పక్కకి ఒరిగిపోకుండా స్కిడ్ల (నేల మీద ఆనే కాళ్ళ) కింద బంతులున్న కార్బన్ పుల్లలు అడ్డంగా కట్టా. కావలి పక్కన మా బాబాయి వాళ్ళ కోతలైపోయిన మళ్ళో, సముద్రపు గాలి లేవకముందే, ఆరింటికల్లా పోయేవాణ్ణి. మొదటి నాలుగు చార్జింగులూ నేల వదల్లేదు, స్కిడ్లు తేలికపడేదాకా థ్రాటిల్ ఇచ్చి అటూ ఇటూ జారించడమే. అప్పటికే తోక వణుకుతోంది. వీడియో తీసి ఆయనకి పంపా. "మొదట్లో అట్టనే ఉంటది తమ్ముడూ, నువ్వు స్టిక్కులు బిగబట్టుకుంటుండావు, చెయ్యి వదులు చెయ్" అని వాయిస్ పెట్టాడు.

నమ్మా. నేను రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు రివైండింగ్ చేసి బతికేవాణ్ణి. షాఫ్టు వంకరుంటే శబ్దం విని చెప్తా. అట్టాంటిది నా సొంత వస్తువు దగ్గరకొచ్చేసరికి ఒక్కసారి హెడ్ (రెక్కలు బిగించే పై భాగం) విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఈ మాట నన్ను ఎప్పటికీ వదలదు.

ఈ రోజు మొదటిసారి మోకాలెత్తున నిలిచింది. పది సెకన్లేమో. ఎడమకి జారుతుంటే కాస్త కుడికి ఇచ్చి, వెంటనే వెనక్కి తీసుకోవాలి, లేకపోతే అటు పరిగెడుతుంది. ఆ లెక్క వేళ్ళకి అప్పుడే పట్టుబడుతోంది. మా వాడు నలభై అడుగుల దూరంలో గట్టు మీద కూర్చుని "నాన్నా, నిలబడింది!" అని అరిచాడు. ఆ అరుపు పూర్తి కాకముందే టప్‌మని శబ్దం. ఒక రెక్క, దాన్ని పట్టుకునే గ్రిప్పుతో సహా ఊడిపోయింది. మిగతాది గింగిరాలు తిరిగి కొయ్యకాళ్ళలో పడి ముక్కలైంది. ఊడిన రెక్క ఎక్కడ దొరికిందో తెలుసా? మా వాడు కూర్చున్న చోటికి రెండడుగుల అవతల, గట్టు మట్టిలో సగం దిగబడి.

ఇంటికొచ్చి విప్పా. రెండు గ్రిప్పుల్నీ పట్టి ఉంచేది ఫెదరింగ్ షాఫ్టు, దానికి రెండు చివరలా రెండు చిన్న బోల్టులు. ఊడిన వైపు మర ఎప్పుడో అరిగిపోయింది. బోల్టు జారకుండా సూపర్ గ్లూ పూసి పెట్టాడు. రెక్క బరువు ముప్పై గ్రాముల లోపే. నిమిషానికి 2,200 చుట్లు తిరిగేటప్పుడు మాత్రం ఆ బోల్టు మీద పాతిక కిలోల బియ్యం బస్తా వేలాడదీసినంత లాగుడు పడుద్ది. దాన్ని గ్లూతో ఆపాడు.

ఫోన్ చేశా. ముందు "ఎగరేయడం చేతగాక కూల్చి నా మీద పెడతావేంది?" అన్నాడు. గ్లూ సంగతి ఎత్తాక కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు: "అది నాకు తెలుసబ్బా. కొత్తోడివి గదా, ఆర్నెల్లు నేల మీదనే ఆడతావు, ఈలోపు నువ్వే విప్పి మార్చుకుంటావులే అనుకున్నా."

తెలుసంట. మా వాడి తల నిమిరేటప్పుడూ తెలుసు. తోక వణుకుతోందని వీడియో పంపినప్పుడూ తెలుసు. అప్పుడన్నా "ఎగరేయొద్దు, హెడ్ విప్పు" అని రెండు మాటలు చెప్పుంటే సరిపోయేది. డబ్బుల మాటెత్తగానే ఫోన్ పెట్టేశాడు. ఆ 14,500 పోతే పోయింది, నాలుగు మోటార్లు ఎక్కువ చుడతా. రెండడుగులు ఇటు పడుంటే నేనేం చేసేవాణ్ణి?

కొనేవాళ్ళు డబ్బులివ్వకముందే హెడ్ విప్పించండి. ఫెదరింగ్ షాఫ్టు బయటికి తీసి అద్దం మీద దొర్లించండి, వంకరుంటే కంటికే తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌ది ఏది కొన్నా ఆ షాఫ్టూ బోల్టులూ కొత్తవి వేసి, మర వదులు కాకుండా పూసే థ్రెడ్ లాక్ పెట్టాకే బ్యాటరీ తగిలించండి. నేర్చుకునేటప్పుడు పిల్లల్ని తీసుకుపోవద్దు. రెక్క ఊడితే ఏ వైపు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ బోల్టు నా దగ్గరే ఉంది, మర నిండా గ్లూ తెల్లగా పొడికట్టి. అనుమానం ఉన్నవాళ్ళు కావలి రండి, చూపిస్తా.