పిల్లి ఉన్న ఇంటికి ఎరీకా పామ్: మొక్కతో భయం లేదు, కుండీని చూసుకోండి

పిల్లి తిరిగే హాల్లో నాలుగైదు అడుగుల పచ్చటి మొక్క కావాలంటే ఎరీకా పామ్‌ను ధైర్యంగా కొనొచ్చు. ఆకు కొరికినా, కాడ నమిలినా పిల్లికి విషం ఎక్కదు. అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ జాబితాలో కూడా ఇది పిల్లులకు, కుక్కలకు విషం లేని మొక్కగానే ఉంది. ఎరీకా అంటే వక్క కదా అని కొందరు వెనకాడతారు. తాంబూలంలో వేసుకునే వక్క చెట్టు వేరు, మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ అలంకరణ మొక్క వేరు.

ఆ ధైర్యం మొక్క వరకే. నర్సరీ నుంచి ఇంటికొచ్చే కుండీలో ఎరువు, పురుగుమందు కూడా ఉంటాయి. పిల్లికి ప్రమాదం వస్తే అక్కడి నుంచే వస్తుంది.

కొనేటప్పుడు ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి. నర్సరీలో 'పామ్' అని అడిగితే పక్కనే ఉన్న సైకస్‌ను కూడా చూపిస్తారు. దాన్నే సాగో పామ్ అంటారు. అసలు అది పామ్ జాతే కాదు, పిల్లి ప్రాణం తీసే మొక్క. ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే, గింజల్లో మరీ ఎక్కువ. అందులోని సైకాసిన్ కాలేయాన్ని పాడుచేస్తుంది. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, చొంగ మొదలవుతాయి, రెండు మూడు రోజుల్లో కాలేయం చేతులెత్తేస్తుంది. తేడా పట్టడం కష్టం కాదు. ఎరీకాకు ఒకే కుదురు నుంచి సన్నటి కాడలు గుంపుగా లేస్తాయి, వాటి మీద వెదురుకు ఉన్నట్టు కణుపుల గీతలుంటాయి, ఆకు కాడల్లో పసుపు ఛాయ ఉంటుంది, ఆకు మెత్తగా వంగుతుంది. సైకస్‌ది ఒకటే గరుకు మొద్దు, దాని ఆకుల చివర్లు వేలికి గుచ్చుకుంటాయి. 'టేబుల్ పామ్', 'మినీ పామ్' లాంటి పేర్లు నమ్మకుండా కాండం చూసి కొనండి.

ధరకు వంక పెట్టలేం. రెండు మూడడుగుల మొక్క ఊళ్లోని నర్సరీలో సాధారణంగా రెండు మూడు వందలకే దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో అంతకు మించే అవుతుంది, పైగా దారిలో ఆకులు విరుగుతాయి. నర్సరీలకు పేరున్న కడియం వైపు వెళ్లే పని ఉంటే అక్కడే ఎంచుకోవడం మేలు.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు పిల్లి వెళ్లలేని బాల్కనీలో ఉంచండి. చేతులకు తొడుగులు వేసుకుని పై మట్టి రెండు అంగుళాలు తీసేయండి. పురుగు పట్టకుండా నర్సరీల్లో వేసే గుళికల మందు అక్కడే ఉంటుంది. అది కార్బోఫ్యూరాన్ రకమైతే, మట్టి తవ్వి పాదాలు నాక్కున్న పిల్లికి చొంగ, వణుకు, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. లోపలి మట్టిలోనూ రంగు గుళికలు కనిపిస్తే మట్టంతా మార్చాల్సిందే, కడిగితే సరిపోదు. మారుస్తున్నప్పుడు కుదురును విడదీయకండి, వేళ్లు తెగితే ఎరీకా తొందరగా కోలుకోదు. సగం తోటమట్టి, పావు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పావు వర్మీకంపోస్ట్ చాలు. ఆముదం పిండి ఎరువు మాత్రం వద్దే వద్దు. అందులో రైసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు. ఎముకల పొడి వాసనకు పిల్లి మట్టి తవ్వుతుంది, అదీ వద్దు.

ఆకులను మంచినీళ్లలో ముంచిన గుడ్డతో రెండు వైపులా తుడవండి. మెరుపు కోసం కొట్టే స్ప్రేలు వాడొద్దు. వేసవిలో ఏసీ గదిలో ఎర్రనల్లి పడితే బాత్రూంలో షవర్ కింద పెట్టి, ఆకుల అడుగు భాగం కూడా తడిసేలా మూడు నాలుగు రోజులకోసారి కడగండి. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ ఉన్న మందులు పిల్లి ఉన్న ఇంట్లో ముట్టుకోవద్దు. ఆ మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకు వాడే మోతాదు పిల్లికి మూర్ఛలు తెప్పించగలదు.

పిల్లి మట్టిలో మలవిసర్జన చేయకుండా పిడికిలంత రాళ్లు పరచండి. చిన్న గులకరాళ్లయితే పక్కకు తోసేస్తుంది. ప్లాస్టిక్ కుండీ కన్నా బరువైన మట్టి కుండీ మంచిది, పిల్లి ఎగబాకినా పడిపోదు.

ఈ మొక్కలో లోపం ఒకటుంది. గాలికి ఊగే ఆకు చివర్లు పిల్లిని ఊరిస్తాయి. కొరికిన ఆకు మళ్లీ పెరగదు. కాడ నడినెత్తిన ఉన్న మొవ్వు పోతే ఆ కాడ అంతటితో ఆగిపోతుంది. పీచు ఎక్కువ మింగితే పిల్లి ఒకటి రెండుసార్లు కక్కుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. వాంతులు ఆగకపోయినా, రోజంతా తిండి ముట్టకపోయినా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయకండి. కొరికిన ఆకును, కుండీలో వేసిన మందు ప్యాకెట్‌ను వెంట తీసుకెళ్లండి.

ఆకుల చివర్లు వాటంతటవే ఎండితే నీళ్లను అనుమానించాలి. బోరు నీళ్లలోని ఉప్పు, నల్గొండ వైపు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ ఈ మొక్కకు పడవు. రాత్రంతా బిందెలో నిలవ ఉంచినా ఫ్లోరైడ్ పోదు, వాననీళ్లో ఆర్వో నీళ్లో పోయాలి.

మనీప్లాంట్ చవకే కానీ కొరికితే పిల్లి నోరు మండి వాస్తుంది. బొకేల్లో వచ్చే లిలియం జాతి లిల్లీ గుత్తులైతే అసలు గుమ్మం దాటనివ్వకండి, పుప్పొడి నాకినా, వాజులో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పోతాయి.

ఎరీకాను కాపాడుకోవాలంటే పక్కనే పిల్లికి గోధుమ గడ్డి పెంచండి. వంటింటి గోధుమలే వాడాలి. విత్తనాల దుకాణంలో రంగు పట్టించి అమ్మేవాటికి మందు కలిపి ఉంటుంది. గుప్పెడు గోధుమలు రాత్రంతా నానబెట్టి, వెడల్పు పళ్లెంలో అంగుళం కోకోపీట్ మీద చల్లి తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో జానెడు గడ్డి వస్తుంది. అడుగున బూజు కనిపిస్తే ఆ పళ్లెం పారేసి కొత్తది వేయండి.