లేత పసుపు పొడి, మాయమైన టెట్రాసైక్లిన్: ఒక కాంతి ఉత్ప్రేరకంపై సమీక్ష

నీటిలో కరిగిన యాంటీబయాటిక్ అవశేషాలను మామూలు వెలుతురులోనే విచ్ఛిన్నం చేస్తుందని చెప్పి అమ్ముతున్న నానోకాంపోజిట్ ఉత్ప్రేరకం ఒకదాన్ని మా ప్రయోగశాలకు తెప్పించి, కొన్ని వారాలపాటు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ద్రావణంపై పరీక్షించాను. ఇది టైటానియం డయాక్సైడ్‌ను గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్‌తో జతచేసిన లేత పసుపు పొడి.

ఈ జత ఎంపిక తెలివైనదే. అనటేజ్ రూపంలోని టైటానియం డయాక్సైడ్ శక్తి అంతరం (ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి కాంతి ఇవ్వాల్సిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక, దాదాపు 388 నానోమీటర్లకు లోపలి అతినీలలోహిత కాంతికే అది స్పందిస్తుంది. నేలకు చేరే ఎండలో ఆ భాగం సుమారు 5 శాతమే. కార్బన్ నైట్రైడ్ అంతరం 2.7 కావడంతో అది 460 నానోమీటర్ల నీలికాంతి వరకు గ్రహిస్తుంది గాని, ఒంటరిగా ఉంటే అందులో కాంతికి విడిపోయిన ఎలక్ట్రాన్లు, అవి వదిలివెళ్లిన ఖాళీలు (రంధ్రాలు) ఏ పనీ చేయకముందే చాలావరకు మళ్లీ కలిసిపోతాయి. రెండు పదార్థాలూ గట్టిగా అతుక్కున్న చోట ఆ కలయిక ఆలస్యమై, మందు అణువుపై దాడిచేసే సూపర్‌ఆక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే అతి చురుకైన కణాలు పుట్టడానికి వ్యవధి దొరుకుతుంది.

లీటరుకు 20 మిల్లీగ్రాముల గాఢతగల ద్రావణం 100 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాముల పొడి వేసి, దీపం వెలిగించే ముందు 30 నిమిషాలు చీకటిలో కలియబెట్టాను. పొడి తన ఉపరితలానికి పట్టి ఉంచుకునే మందును విచ్ఛిన్నమైన దానితో కలిపి లెక్కించకుండా ఉండాలంటే ఈ దశ తప్పనిసరి; అమ్మకందారు ఇచ్చిన పత్రంలో మాత్రం దాని ఊసే లేదు. టెట్రాసైక్లిన్ వెలుతురుకు తనంతట తానే కొంత చెడిపోతుంది కాబట్టి, పొడి వేయని గ్లాసునొకదాన్ని పక్కనే ఉంచాను. పొడికి పట్టిన మందునూ, తనంతట తానే చెడిన మందునూ మినహాయించి చూసినా, తెల్లని ఎల్‌ఈడీ వెలుగులో టెట్రాసైక్లిన్ ఎంత ఉందో చూపే 357 నానోమీటర్ల దగ్గరి శోషణ శిఖరం రెండు గంటల్లో దాదాపు అణగిపోయింది. అంతవరకు పొడి మాట నిలబెట్టుకుంది.

పేచీ ఆ తర్వాతే వచ్చింది. మొత్తం సేంద్రియ కర్బనాన్ని, అంటే నీటిలోని సేంద్రియ అణువులన్నిటిలో ఉన్న కర్బనాన్ని, కొలిస్తే అది అంతగా తగ్గలేదు, అంటే అణువు విరిగింది గాని ముక్కలు నీటిలోనే మిగిలాయి. అవి మూల మందుకన్నా తక్కువ హానికరమని ముందే అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి పత్రంలో రాసిన ‘సంపూర్ణ నిర్మూలన’ అన్న మాట శిఖరానికి వర్తిస్తుందే తప్ప కాలుష్యానికి కాదు. బైకార్బొనేట్ ఉన్న నీటిలో వేగం ఇంకా పడిపోయింది. హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను ఆ అయాన్లే ముందుగా తినేస్తాయి.

పొడిని తిరిగి రాబట్టుకోవడం మరో విసుగు. అది పాలలా తేలుతూ ఉండి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే తప్ప అడుగుకు చేరదు, కడిగిన ప్రతిసారీ కొంత పోతుంది. ఇనుప ఆక్సైడ్ కలిపిన రకమైతే అయస్కాంతంతో లాగేయవచ్చు.

విద్యార్థుల ప్రయోగాలకు, ఉత్ప్రేరకాలను పోల్చి చూసే పనులకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నీటిశుద్ధి యంత్రంలో వాడదలచినవారు మాత్రం అమ్మకందారును ముందు కర్బన కొలతలు, చీకటి దశ అంకెలు అడిగి తీసుకోవాలి.