న్యూయార్క్ సిటీ హాఫ్: ఆ 42వ వీధి కోసమైనా ఒకసారి పరుగెత్తాలి

మార్చిలో జరిగే న్యూయార్క్ సిటీ హాఫ్‌కి, అంటే అక్కడి హాఫ్ మారథాన్ పరుగుకి, వెళ్ళొచ్చా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. చోటు దొరికితే తప్పకుండా వెళ్ళండి. కాకపోతే ఎత్తు ఎక్కడం, చలిలో నిలబడటం, ఈ రెండూ ముందే అలవాటు చేసుకోండి.

చోటు దొరకడమే పెద్ద పని. లాటరీ తీస్తారు, నాకు రెండోసారికి గాని తగల్లేదు. ఏదైనా ఛారిటీకి చందాలు సేకరించి పెట్టి కూడా చేరొచ్చు.

నేనుండేది జెర్సీ సిటీలో. తెల్లవారకముందే బయల్దేరి పాత్ రైలు, ఆ తర్వాత సబ్‌వే పట్టుకుని బ్రూక్లిన్‌లో ప్రాస్పెక్ట్ పార్క్ చేరాను. పరుగు మొదలయ్యేదాకా కదలకుండా నిలబడాలి కదా, అప్పుడు తెలుస్తుంది చలి సంగతి. వేళ్ళు ఎంత కొంకర్లు పోయాయంటే బిబ్‌కి (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితానికి) నాలుగో పిన్నీసు పెట్టుకోలేక పక్కనున్న ఒక పెద్దావిడని అడిగితే తన గ్లవ్స్ తీసి మరీ పెట్టింది. పాత స్వెటర్ ఒకటి వేసుకెళ్ళండి, మొదలయ్యే ముందు తీసి అక్కడే వదిలేస్తే దానం కోసం పోగు చేస్తారు.

2025 నుంచి మాన్‌హాటన్ బ్రిడ్జ్ బదులు బ్రూక్లిన్ బ్రిడ్జ్ మీదుగా దారి మార్చారు, నాకది చాలా నచ్చింది. మామూలు రోజుల్లో మనం పైనున్న చెక్కబాట మీద నడుస్తాం, ఆరోజు మాత్రం కార్లు తిరిగే రోడ్డంతా మనదే. 1883లో కట్టిన వంతెన, ఆ రాతి కమానులు దగ్గరవుతుంటే చూపు తిప్పుకోలేం, కానీ మధ్యదాకా ఎక్కుతూనే ఉండాలి. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కిన కాళ్ళకి ఇది కొత్త కాదు, నేను అక్కడ నేర్చుకున్నట్టే చిన్న అంగలేసుకుంటూ ఎక్కేశాను.

వంతెన దిగాక వచ్చే ఎఫ్‌డీఆర్ డ్రైవ్ అనే హైవే ఒక్కటే విసుగు. పక్కన ఈస్ట్ రివర్, ఎదురుగాలి, చప్పట్లు కొట్టేవాళ్ళు తక్కువ, మైళ్ళ తరబడి అదే రోడ్డు. ఇక్కడ తొందరపడి ఓపికంతా ఖర్చు చేసుకోకండి, ఎందుకంటే అసలు పరుగు ఆ తర్వాతే ఉంది.

ఐక్యరాజ్య సమితి భవనం దగ్గర 42వ వీధిలోకి తిరగ్గానే ఎత్తు మొదలవుతుంది. ఫస్ట్ అవెన్యూ నుంచి సెకండ్ అవెన్యూ దాకా ఎక్కుడు, పైన ట్యూడర్ సిటీ వంతెన. అప్పటికే అలిసిపోయిన పిక్కలు పట్టేసినట్టయ్యాయి. అది దాటితే ఒక్కసారిగా జనం, గంటలు, కేకలు! క్రైస్లర్ బిల్డింగ్, గ్రాండ్ సెంట్రల్, లైబ్రరీ ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, టైమ్స్ స్క్వేర్‌లో సెవెంత్ అవెన్యూ మీదికి తిరిగేసరికి కార్లు లేవు, హారన్లు లేవు, పట్టపగలు ఆ రంగురంగుల బోర్డుల కింద మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తోంది. రోజూ ఆఫీసుకి వెళ్తూ భుజాలు రాసుకుంటూ తోసుకుంటూ దాటే చోటు అది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఒక మాట, ఆ ఎత్తైన మేడల మధ్య వాచీలో జీపీఎస్ చూపే వేగాన్ని నమ్మకండి, మైలు బోర్డులే చూసుకోండి. సెంట్రల్ పార్క్‌లోకి వెళ్ళాక కూడా రోడ్డు చదునుగా ఉండదు, ఎగుడుదిగుళ్ళే, అందుకని చివరి మైలుకి కొంచెం ఓపిక దాచుకోండి.

21.1 కిలోమీటర్లు పూర్తయ్యాక మెడల్ మెడలో వేస్తారు, చెమట ఆరేకొద్దీ వణుకు పుడుతుంది కాబట్టి బ్యాగులో పొడి చొక్కా, మేజోళ్ళు తప్పకుండా పెట్టుకోండి. నేను బట్టలు మార్చుకుని నేరుగా లెక్సింగ్టన్ అవెన్యూలో 28వ వీధి వైపు వెళ్ళాను, అక్కడ మన దక్షిణాది హోటళ్ళున్నాయి. వేడి సాంబార్‌లో మునిగిన రెండు ఇడ్లీలు, తర్వాత ఇంకో రెండు.