లోడు లాగడానికి పాత డీజిల్ పికప్: రామా, ఫోర్డా, షెవీయా? ఏది మేలు?

డాలస్‌కి ఉత్తరాన, డెంటన్, షెర్మన్ దాటాక, ఐదెకరాలో పదెకరాలో కొనుక్కున్న మనవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. భూమి కొన్నాక గడ్డి కొట్టడానికి చిన్న ట్రాక్టరు కావాలి. ట్రాక్టరు వచ్చాక దాన్ని ఎక్కించే ట్రెయిలర్ కావాలి. ఆ రెండూ వచ్చాక గానీ వాటిని లాగే బండి ఇంట్లో లేదన్న సంగతి గుర్తుకు రాదు. కొత్త డీజిల్ పికప్ అంటే డెబ్భై, ఎనభై వేల డాలర్ల మాట. అందుకని అందరం సెకండ్‌హ్యాండ్ వైపు చూస్తాం. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

నేను నాలుగు నెలలు తిరిగి పదకొండు బండ్లు చూశాను. నా దగ్గర ఉన్నది 35 వేల డాలర్లు. ఆ డబ్బుకి 2011 నుంచి 2018 మధ్యవి, లక్ష మైళ్ళు అటూఇటూ తిరిగినవి దొరుకుతాయి. అందులో నిజంగా ఎంచుకోవాల్సినవి మూడు: కమిన్స్ 6.7 లీటర్ల ఇంజిను ఉన్న రామ్ 2500, పవర్‌స్ట్రోక్ 6.7 ఉన్న ఫోర్డ్ ఎఫ్-250, డ్యూరమ్యాక్స్ 6.6 ఉన్న షెవీ (షెవ్రొలే) సిల్వరాడో 2500 హెచ్‌డీ. జీఎంసీ సియెరా 2500లోనూ అదే డ్యూరమ్యాక్స్, కాబట్టి దాన్ని షెవీ కిందే లెక్కేయండి.

ముందు తలుపు తీసి చూడండి

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన రేకు మీద పసుపు, తెలుపు రంగుల్లో చిన్న స్టిక్కర్ ఉంటుంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. దాని పైన ఒక వాక్యం: మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు. ప్రకటనల్లో పెద్దగా వేసే "ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది" అనే అంకె కంటే నాకు ఈ చిన్న అంకె ముఖ్యం.

నా లెక్క చెప్తాను. లోడర్ బిగించిన ట్రాక్టరు 5,500 పౌండ్లు. ఇరవై అడుగుల ట్రెయిలర్ 3,000. వెనక బిగించే గడ్డి మిషన్, మట్టి చదును చేసే బ్లేడు, గొలుసులు, డీజిల్ క్యాన్లు అన్నీ కలిపి ఇంకో 1,500. మొత్తం పదివేల పౌండ్లు. ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (ట్రెయిలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీద పడాలి, అంతకంటే తగ్గితే ట్రెయిలర్ తోక ఊపుతుంది. పన్నెండు శాతం వేసుకుంటే 1,200. మేమిద్దరం, పిల్లాడు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కలిసి 700. అంటే 1,900. నేను చూసిన ఒక బండి స్టిక్కర్ మీద 2,050 ఉంది. మిగిలేది 150 పౌండ్లు. హిచ్ కొక్కెం సొంత బరువు కలిపి, వెనక తొట్టిలో టూల్‌బాక్స్ పెడితే అది కూడా అయిపోతుంది.

డీజిల్ ఇంజిను బరువెక్కువ కాబట్టి అదే మోడల్ పెట్రోల్ బండి కంటే ఈ అంకె తక్కువే వస్తుంది. తోలు సీట్లు, సన్‌రూఫ్ ఉన్న టాప్ మోడల్‌కి ఇంకా తగ్గుతుంది. అమ్మేవాడు మెరుపులు చూపిస్తుంటే మీరు మాత్రం ఆ స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

అసలు డీజిల్ కావాలా?

డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఇల్లు, ఎనిమిది మైళ్ళలో ఆఫీసు, ట్రెయిలర్ తగిలించేది సంవత్సరానికి రెండుసార్లు అయితే డీజిల్ వద్దు. 2007 తర్వాత వచ్చిన ఈ బండ్లన్నిటికీ సైలెన్సర్ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలి శుభ్రపడాలంటే ఇంజిను బాగా వేడెక్కి హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ పదేసి నిమిషాలు నడిపితే మసి పేరుకుపోతుంది. అంత తక్కువ వాడకానికి మంచి పెట్రోల్ పికప్ చాలు, రిపేర్లు కూడా చవక.

2011 నుంచి ఫోర్డు, షెవీలకి, 2013 నుంచి రామ్‌కి ఇంకో ట్యాంకు కూడా వచ్చింది. అందులో పోసే డీఈఎఫ్ అంటే 32.5 శాతం యూరియా, మిగిలింది శుద్ధి చేసిన నీళ్ళు. ఊళ్ళో వరికి చల్లే యూరియానే ఇక్కడ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొడుతుంది. మా నాన్నకి ఈ ముక్క చెప్తే చాలాసేపు నమ్మలేదు, పెట్టె మీద రాసింది చదివి చూపించాక నమ్మారు.

దూరంగా ఉంచాల్సినవి

ఫోర్డులో 2003 నుంచి 2007 దాకా వచ్చిన 6.0 లీటర్ల ఇంజిను, 2008 నుంచి 2010 దాకా వచ్చిన 6.4 ఇంజిను రెండూ వద్దు. మొదటిదానికి హెడ్ గ్యాస్కెట్లు, ఆయిల్ కూలర్, పొగని చల్లబరిచే ఈజీఆర్ కూలర్ గోల. రెండోదానికి పెద్ద పని వస్తే క్యాబిన్ మొత్తం ఛాసిస్ మీంచి పైకి లేపాలి. అవి రెండూ చవగ్గా కనిపిస్తాయి, ఆ చవక చూసే చాలామంది పడిపోతారు. ఇంకా వెనక్కి వెళ్తే 2006-07 డ్యూరమ్యాక్స్, 2003-07 కమిన్స్ 5.9 ఇంజిన్లు నిజంగా మంచివి. కానీ బాగున్నవాటిని యజమానులు వదలరు, వదిలినవాటి ధర వయసుకి మించి ఉంటుంది.

షెవీ: గేర్‌బాక్స్ బంగారం, పంపు భయం

2011 నుంచి 2016 దాకా వచ్చిన డ్యూరమ్యాక్స్‌ని ఎల్ఎంఎల్ అంటారు. 397 హార్స్‌పవర్. దాని వెనక అలిసన్ 1000 ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. మూడింటిలో నాకు బాగా నచ్చిన గేర్‌బాక్స్ ఇదే. లోడు మీద ఎక్కడ ఏ గేరు పడాలో దానికే తెలిసినట్టు పడుతుంది. ముందు చక్రాలకి దేనికది విడి సస్పెన్షన్ కాబట్టి గతుకుల్లో కూడా కారులా పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ "ఇదే తీసుకోరా" అన్నది ఈ బండిలో కూర్చునే.

నేను వెనక్కి తగ్గింది సీపీ4 అనే బాష్ కంపెనీ పంపు వల్ల. డీజిల్‌ని విపరీతమైన ఒత్తిడితో ఇంజెక్టర్లకి (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) పంపేది ఇదే. దీని లోపలి భాగాలకి వేరే ఆయిల్ ఉండదు, డీజిలే కందెన. అమెరికా డీజిల్ యూరప్ డీజిల్ కంటే పొడిగా ఉంటుంది. అరుగుదల పరీక్షలో యూరప్ 460 మైక్రాన్ల గాటు వరకే ఒప్పుకుంటే ఇక్కడ 520 వరకు ఒప్పుకుంటారు. కందెన చాలకపోయినా, నీళ్ళు కలిసినా పంపులోని రోలర్ పక్కకి తిరిగి క్యామ్ మీద లోహాన్ని చెక్కేస్తుంది. ఆ పొడి పంపులోనే ఆగదు. ఇంజెక్టర్లలోకి, వాటికి డీజిల్ పంచే రైల్ గొట్టంలోకి, తిరిగి ట్యాంకులోకి కూడా పోతుంది. అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు, డీజిల్ తాకిన ప్రతి భాగమూ మార్చాలి. బిల్లు పదివేల డాలర్లకి తేలిగ్గా చేరుతుంది. పైగా చాలాసార్లు ముందస్తు సూచన ఉండదు. హైవే మీద, వెనక ట్రెయిలర్‌తో, ఇంజిను ఆగిపోతుంది.

పంపు విరిగినా పొడి ఇంజెక్టర్ల దాకా పోకుండా దారి మళ్ళించే కిట్లు అమ్ముతారు. అవి నష్టాన్ని తగ్గిస్తాయి గానీ పంపు విరగడాన్ని ఆపలేవు.

ఫోర్డు: బలం ఉంది, పని ఖరీదు

2011లో ఫోర్డు తన సొంత 6.7 ఇంజిను తెచ్చింది. అందులోనూ సీపీ4 పంపే. కాకపోతే ఫోర్డులో ఛాసిస్ మీద ఇంకో పంపు ఉండి డీజిల్‌ని ముందుకి తోస్తుంది, ఎల్ఎంఎల్‌లో అది లేదు. అందుకే ఇక్కడి మెకానిక్‌లు ఫోర్డులో సీపీ4ని కాస్త ఎక్కువ నమ్ముతారు. 2011-12 బండ్ల టర్బోలు త్వరగా పోయేవి, 2015లో పెద్ద టర్బో పెట్టారు. 2017లో బండి మొత్తం కొత్తది: అల్యూమినియం బాడీ, గట్టి ఛాసిస్, 925 పౌండ్-అడుగుల టార్క్ (చక్రాలని తిప్పే బలం). బరువు మోసే విషయంలో 2017 ఎఫ్-250 మూడింటిలో నాకు ధైర్యంగా అనిపించింది.

కానీ నా డబ్బుకి 2017 ఫోర్డు దొరికినవన్నీ లక్షన్నర మైళ్ళు దాటినవే. వీ ఆకారపు ఇంజిను బానెట్ కింద ఇరుకుగా కూర్చుంటుంది, చిన్న పనికి కూడా నాలుగు సామాన్లు విప్పాలి. గంటకి నూట యాభై డాలర్లు పైన తీసుకునే చోట అది చిన్న సంగతి కాదు.

రామ్: ఇంజిను గట్టిది, గేర్‌బాక్స్ మెత్తనిది

కమిన్స్ ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి. బానెట్ ఎత్తితే ఇంజినుకి రెండు పక్కలా చెయ్యి పెట్టే చోటుంటుంది. 2018 దాకా అందులో ఉన్నది సీపీ3 పంపు, పాత తరహాది, మొండిది. 2019లో రామ్ కూడా సీపీ4కి మారింది. 2021లో దాదాపు 2,22,000 బండ్లని రీకాల్ చేసి, మళ్ళీ సీపీ3కే వచ్చింది. సీపీ4 గురించి ఇంతకంటే నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దీని బలహీనత 68ఆర్‌ఎఫ్‌ఈ అనే ఆటోమేటిక్. 800 పౌండ్-అడుగుల టార్క్‌ని ఏళ్ళ తరబడి మోస్తే క్లచ్‌లు అరుగుతాయి. మళ్ళీ కట్టించాలంటే ఐదారు వేల డాలర్ల పైమాటే. ఇంకొకటి, గాలి వెళ్ళే దారిలో ఉండే హీటర్ బోల్టు. అది కాలి వదులై సిలిండర్‌లో పడితే ఇంజిను పోతుంది. దాన్ని ముందే విప్పి చూసి మార్పించుకోవచ్చు, కొన్ని వందల డాలర్ల పని. కొన్న మొదటి వారంలోనే చేయించాలి. 2014 నుంచి 2500కి వెనక కమాన్‌పట్టీలు తీసేసి స్ప్రింగులు పెట్టారు. ప్రయాణం సుఖంగా ఉంటుంది గానీ లోడు ఎక్కితే వెనక భాగం దిగుతుంది.

కాగితాల సంగతి కూడా ఉంది. పొగ పరీక్షలని తప్పించే సాఫ్ట్‌వేర్ పెట్టిందన్న కేసులో ఈ ఇంజిను చేసే కమిన్స్ కంపెనీ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకి 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2013-19 రామ్ బండ్లు సుమారు 6,30,000 ఆ కేసులో ఉన్నాయి. వాటికి సాఫ్ట్‌వేర్ రీకాల్ ఇచ్చారు, రీకాల్ చేయించిన బండ్లకి కొన్ని భాగాల మీద వారంటీ పొడిగించారు. కొనేముందు వీఐఎన్ (బండి గుర్తింపు) నంబర్ కొట్టి ఆ పని అయిందో లేదో చూసుకోండి.

నేను ఎటు మొగ్గానంటే

రోగాలు రెండు రకాలు: చెప్పి వచ్చేవి, చెప్పకుండా వచ్చేవి. 68ఆర్‌ఎఫ్‌ఈ పాడవబోయే ముందు నెలల తరబడి చెప్తుంది: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను వేగం పెరిగి బండి వేగం పెరగదు, నలభై మైళ్ళ దగ్గర చిన్న వణుకు వస్తుంది, ఫ్లూయిడ్ మాడు వాసన కొడుతుంది. డబ్బు కూడబెట్టుకునే వ్యవధి ఇస్తుంది. సీపీ4 ఆ వ్యవధి ఇవ్వదు. ఇంట్లో వాళ్ళని ఎక్కించుకుని పదివేల పౌండ్లు లాగేవాడిగా నాకు ఆ తేడా చాలు. 2013-18 రామ్ 2500 నా మొదటి మాట. నేను 2016 బండి తీసుకున్నాను, గేర్‌బాక్స్ కోసం ఆరువేల డాలర్లు పక్కన పెట్టి మరీ తీసుకున్నాను.

చేతిలో ఇంకో పదివేలు ఉంటే నా మాట మారుతుంది. 2017-19 షెవీలో వచ్చిన ఎల్5పీ డ్యూరమ్యాక్స్‌లో సీపీ4 లేదు, డెన్సో పంపు ఉంది, వెనక అదే ఆరు గేర్ల అలిసన్. అంత పెట్టగలిగితే ఇక ఆలోచించకండి. లాగేది ట్రాక్టరు కాక పెద్ద ఫిఫ్త్‌వీల్ క్యాంపర్ (పికప్ తొట్టిలో తగిలించే ఇల్లులాంటి ట్రెయిలర్) అయితే ఈ మూడింటిలో ఏదీ వద్దు, ఒక మెట్టు పెద్దదైన 3500 తరగతి చూడండి. క్యాంపర్ బరువులో ఐదో వంతు మీ తొట్టిలోనే కూర్చుంటుంది.

చూడ్డానికి వెళ్ళిన రోజు

"నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లని ఇంజిను ఎలా స్టార్ట్ అవుతుందో మీకు కనబడకుండా చేశారన్నమాట.

మీటర్‌లో మైళ్ళతో పాటు ఇంజిను గంటలు కూడా చూడండి. నేను చూసిన ఒక బండి 98,000 మైళ్ళే తిరిగింది, తళతళలాడుతోంది. గంటలు మాత్రం 6,200. భాగిస్తే గంటకి పదహారు మైళ్ళు కూడా రాలేదు. ఎక్కడో పని జాగాలో రోజంతా ఇంజిను ఆపకుండా నిలబెట్టారు. అమ్మేవాడిని అడిగితే ఫోన్ చూసుకున్నాడు.

డీపీఎఫ్ పీకేసిన బండ్లు చవగ్గా వస్తాయి, వాటిని "డిలీట్" అంటారు. టెక్సస్‌లో డీజిల్ బండ్లకి పొగ పరీక్ష లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరని అమ్మేవాళ్ళు చెప్తారు. ఆ సామాను పీకడం కేంద్ర చట్టానికి విరుద్ధం, చాలా షెడ్లు అలాంటి బండిని ముట్టుకోవు. సీపీ4 ఉన్న బండి అయితే మెకానిక్‌తో డీజిల్ ఫిల్టర్ విప్పించి తెల్ల గుడ్డ మీద ఒంపించండి. మెరిసే రేణువు ఒక్కటి కనిపించినా వచ్చేయండి.

చివరగా, వీలైతే మీ ట్రెయిలర్ తగిలించి నడపండి. డాలస్ చుట్టుపక్కల అంతా చదునే, ఇక్కడ ఏ బండైనా బాగానే లాగుతుంది. మాకు అమ్మిన పెద్దాయన మంచి మనిషి, ఒప్పుకున్నాడు. ఐ-35 మీద ఓక్లహోమాలోకి వెళ్ళి, ఆర్డ్‌మోర్ దాటాక ఆర్బకిల్ కొండలు ఎక్కించాను. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు కదల్లేదు, గేరు జారలేదు. డేవిస్ వైపు దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజినుతోనే వేగం తగ్గించేది) నొక్కి బ్రేక్ పెడల్ మీంచి కాలు తీసేశాను. బండి తనంతట తనే వేగాన్ని పట్టి ఉంచింది. పక్క సీట్లో ఉన్న నాన్న వెనక్కి తిరిగి ట్రాక్టరు వైపు చూసి, "సరే, ఇక బేరం మాట్లాడు" అన్నారు.