మగవాడికి బ్రో లిఫ్ట్: నాలుగేళ్లు దాటాక నా మాట

కిందికి జారిన కనుబొమల్ని పైకెత్తే ఆపరేషన్, బ్రో లిఫ్ట్, చేయించుకున్నాను. ఫలితం బాగుంది, మళ్లీ అయినా చేయించుకుంటాను. కాకపోతే మగవాళ్లు ఈ ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు మచ్చ ఎక్కడ పడుతుందో తేల్చుకోవాలి.

నా కనుబొమలు రెప్పల మీదికి దిగిపోయి, ఎప్పుడు చూసినా చిరాగ్గా ఉన్నట్టు కనపడేవాణ్ణి. మొదట చూపించుకున్న సర్జన్ పైరెప్పల చర్మం తీస్తే చాలన్నారు. రెండో డాక్టరుగారు నా చేతికి అద్దమిచ్చి, కళ్లు మూసుకుని నుదురు వదులు చేసి, మెల్లగా తెరవమన్నారు. అప్పుడు తెలిసింది, రోజంతా నుదుటి కండరంతో బొమల్ని ఎత్తిపట్టుకుని చూస్తున్నానని! సాయంత్రానికి నుదురు లాగేసేది అందుకే. రెప్పలొక్కటే కోస్తే ఆ కండరం పని తగ్గి, బొమలు ఇంకా జారే అవకాశం ఉందట.

నాకు ముందు జుట్టు ఎప్పుడో వెనక్కి పోయింది. నెత్తి మీదుగా చెవి నుంచి చెవి దాకా కోసే పాత పద్ధతిలో గీత బయటపడిపోతుంది. ఎండోస్కోపుతో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో చేస్తే కోతలు చిన్నవే గానీ, అవి దాగాలన్నా జుట్టుండాలి. అందుకని నుదుటి అడ్డముడతల్లోనే కోత పెట్టారు, కుడివైపు ఒక ముడతలో, ఎడమవైపు దానికి కాస్త పైనున్న ముడతలో. మచ్చ చాలా నెలలు ఎర్రగా ఉంది, టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటలేదు. ఇప్పుడు కుడిది వెతికినా దొరకదు. ఎడమది పక్కనుంచి లైటు పడితే సన్నటి తెల్లగీతలా తేలుతుంది.

బొమల్ని ఎత్తింది కొద్ది మిల్లీమీటర్లే. మగవాళ్ల బొమ కంటిగుంట పై ఎముక అంచు మీద ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. ఆడవాళ్లకున్నట్టు వంపు తిప్పి పైకి లాగితే జన్మంతా ఆశ్చర్యపోతున్న మొహమే.

నొప్పి పెద్దగా లేదు, కమిలిన రంగు రెండు వారాల్లో పోయింది. తిమ్మిరి మాత్రం విసిగించింది. నుదుటి నుంచి నడినెత్తి దాకా మొద్దుబారిపోయి, దువ్వుకుంటుంటే వేరెవరి తలో దువ్వుతున్నట్టుండేది. తర్వాత నరాలు కోలుకునే కొద్దీ దురద. గోకిన చోట స్పర్శ తెలియదు, దురదేమో తగ్గదు. నెత్తి మీద బొటనవేలంత మేర ఇప్పటికీ మొద్దుగానే ఉంది.

బొమల మధ్య నిలువు గీతలు పూర్తిగా పోలేదు, వాటికి అప్పుడప్పుడూ ముడతలు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ తప్పడం లేదు.

నుదురు నున్నగా ఉండి జుట్టు పలచబడుతున్న కుర్రాళ్లకైతే నేను ఆగమనే చెబుతాను. మచ్చ దాచడానికి వాళ్లకు ముడతా లేదు, జుట్టూ నిలవదు.