కూలర్‌కి వట్టివేళ్లు: ఏవి కొనాలి, ఎలా కట్టాలి, ఎక్కడ చెడతాయి

ఎండలు ముదరగానే బాల్కనీ మూల నుంచి రేకు కూలర్‌ని బయటికి లాగి, దాని జాలీ తలుపులకు కొత్త గడ్డి కట్టి, మొదటి బకెట్ నీళ్లు పోసి స్విచ్ వేస్తే గదిలోకి ఒక వాసన వస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన చాలామందికి వేసవి సెలవులంటే ఆ వాసనే. గడ్డి బదులు వట్టివేళ్లు, అంటే హిందీలో ఖస్ అనే సువాసన గడ్డి వేళ్లు, కట్టిన ఇళ్లలో అది ఇంకా లోతుగా ఉండేది: తడిమట్టి, పాత కలప, అడుగున కాస్త తీపి. కొత్త ఫ్లాట్‌లోకి మారినవాళ్లు పెయింటు వాసన, ప్లైవుడ్ వాసన పోగొట్టడానికి రూమ్ స్ప్రేలు, సెంటు కొవ్వొత్తులు కొంటున్నారు. ఈ ఊరి ఎండాకాలానికి వాటన్నిటికంటే వట్టివేళ్లే సరైన కొనుగోలు. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ వట్టివేళ్లు కావు, అసలైనవి తెచ్చుకున్నా కట్టడం తెలియకపోతే మూడో వారానికి నీచు వాసన కొడతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. చల్లదనం కోసమే అయితే వీటిని కొనకండి. చల్లబరచడంలో తేనెపట్టు ఆకారపు అట్ట ప్యాడ్‌ది పైచేయి. అది నీటిని సమంగా పీలుస్తుంది, గాలికి తక్కువ అడ్డుపడుతుంది. వట్టివేళ్లు తడిసి బిగుసుకునే కొద్దీ గాలి వేగం కొంత తగ్గుతుంది. ఈ ఖర్చు వాసన కోసం. వాసనకు నా లెక్కలో పూర్తి మార్కులు పడతాయి.

మార్కెట్‌లో ఇవి మూడు రూపాల్లో కనిపిస్తాయి. సీజన్ రాగానే కూలర్ గడ్డి అమ్మేవాళ్ల దగ్గర ‘ఖస్’ అని పేరుపెట్టి పచ్చటి పలకలు ఉంటాయి. వీటిలో చాలావరకు మామూలు కలప పేలికలే. పచ్చరంగు అద్ది, సెంటు చల్లుతారు. నాలుగైదు రోజులు ఘాటుగా ఉండి, తర్వాత వట్టి తడిచెక్క వాసన మిగులుతుంది. రంగు కారి ట్యాంకు నీళ్లు పచ్చబడతాయి, కూలర్ కింద పాలరాయి ఉంటే మరక పడుతుంది. ఇవి వద్దు.

రెండో రకంలో మోసం పట్టుకోవడం కష్టం. అత్తరు కోసం, నూనె కోసం ఆవిరి పట్టి సారం తీసేసిన వేళ్లను ఆరబెట్టి చాపలుగా, పలకలుగా అల్లి అమ్ముతారు. చూపుకి అచ్చం వట్టివేళ్లే, నిజానికి అవి వట్టివేళ్లే. వాసననిచ్చే నూనె మాత్రం వాటిలో దాదాపు మిగలదు. రంగు కాస్త నల్లగా తిరిగి ఉంటుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. ఎండ ఆపడానికి కిటికీకి తెరలా వేలాడదీసుకోవచ్చు గానీ కూలర్‌లో కడితే వట్టి గడ్డితో సమానం.

కొనాల్సింది మూడోది, విడి వేళ్లు. బేగంబజార్‌లోనూ, సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కలా మూలికలు, పూజా సామగ్రి అమ్మే కొట్లలో అడగండి. ‘వట్టివేర్లు’ అన్నా, ‘ఖస్ కీ జడ్’ అన్నా అర్థమవుతుంది. తూకానికి ఇస్తారు. ఒకేసారి కిలోలు తీసుకోకుండా ముందు వంద గ్రాములు తెచ్చి ఇంట్లో చూసుకోవడం మేలు.

పరీక్ష తేలిక. మంచి వేరు సన్నటి తీగలా ఉంటుంది. పసుపు కలిసిన గోధుమరంగు నుంచి ఎర్రమట్టి రంగు దాకా ఉండొచ్చు, పచ్చగా మాత్రం ఉండదు. వంచితే వంగుతుంది. ఎండుగా ఉన్నప్పుడు వాసన తక్కువే. కొట్లో రెండడుగుల దూరం నుంచే గుప్పుమంటే సెంటు కలిపినట్టు అనుమానించండి. ఒక చిన్న పిడికెడు గాజుగ్లాసు నీళ్లలో అరగంట నానబెట్టండి. నీళ్లు లేత టీ రంగుకి తిరిగి, అడుగున కాస్త మట్టి పేరుకుంటే సరైనదే. తడిసిన వేళ్లని అరచేతుల మధ్య నలిపి చూస్తే అప్పుడు అసలు వాసన లేస్తుంది. మరునాడు అవే వేళ్లు ఆరబెట్టి మళ్లీ తడపండి. రెండోసారీ అంతే వాసన వస్తే ధైర్యంగా మిగతాది కొనొచ్చు. వట్టివేరు నూనె బరువైనది, నెమ్మదిగా ఆవిరయ్యే రకం. అందుకే మంచి వేరు ఒక వేసవంతా, జాగ్రత్తగా చూసుకుంటే రెండో వేసవి కూడా పనిచేస్తుంది. చల్లిన సెంటుకి ఆ ఓర్పు ఉండదు.

తూకంలో మట్టి సంగతి మరవకండి. కడగని వేళ్లను కట్టగా పట్టుకుని కాగితం మీద దులిపితే ఎంత రాలుతుందో తెలుస్తుంది. గుప్పెడు రాలితే ధర తగ్గించమనాలి, లేదా కడిగిన సరుకు అడగాలి.

ఎంత కావాలి? రెండడుగులకు రెండడుగుల తలుపుకి అంగుళంన్నర మందం రావాలంటే సుమారు ముప్పావు కిలో పడుతుంది. మూడు తలుపులకూ కడితే రెండుంపావు కిలోలు. అంత అక్కర్లేదని నా అభిప్రాయం. కిటికీ వైపు, అంటే బయటి గాలి నేరుగా తగిలే వెనక తలుపు ఒక్కదానికి వట్టివేళ్లు కట్టి, పక్క తలుపులు రెండింటికీ మామూలు గడ్డి వాడితే మూడోవంతు ఖర్చుతో గది నిండుతుంది. ముక్కుకి ఆ మాత్రం చాలు.

కట్టే ముందు వేళ్లను బకెట్ చన్నీళ్లలో ముంచి రెండు మూడుసార్లు జాడించండి. సబ్బు వద్దు, వేడినీళ్లు అసలే వద్దు. వేడికి నూనె ముందే లేచిపోతుంది. చివరిసారి రాత్రంతా నానబెట్టాలి. ఎండు వేరు మొదట్లో నీటిని సరిగా పట్టుకోదు. నానబెట్టకుండా కడితే నీళ్లు ఒకే దారిలో జారిపోయి తలుపు మీద ఎండు చారలు మిగులుతాయి, ఆ చారల్లోంచి వడగాలి నేరుగా లోపలికొస్తుంది. నానిన వేళ్లను నీడలో కాసేపు వాడ్చి, నీళ్లు కారడం ఆగాక కట్టుకోవచ్చు.

ఈలోగా తలుపు ఊడదీసి పాత గడ్డి పూర్తిగా తీసేయండి. జాలీకి పట్టిన తెల్ల పొక్కుని ఇనుప బ్రష్‌తో గీకాలి. తుప్పు ఉంటే రెడ్ ఆక్సైడ్ వేసి కనీసం రెండు రోజులు ఎండలో ఆరనివ్వాలి. తొందరపడితే వట్టివేరు కంటే పెయింటు వాసనే ముందొస్తుంది.

తలుపు నేలమీద పడుకోబెట్టి, జాలీ మీద పాత నైలాన్ దోమతెర ముక్క పరవండి. వేళ్లని మొదటి పొర నిలువుగా, రెండో పొర అడ్డంగా వేయాలి. అన్నీ నిలువుగా ఉంటే నీళ్లు జర్రున కిందికి దిగిపోతాయి. అడ్డంగా ఉన్నవి ఆపి పక్కలకు పంచుతాయి. పై అంచున మాత్రం రెండంగుళాల మందం ఉండాలి. తడి బరువుకి వేళ్లు వారంలోనే కిందికి జారతాయి, పైన రెండు చేతివేళ్ల వెడల్పున సందు పడుతుంది. కూలర్ సరిగా చల్లబరచడం లేదని మోటరునీ ఫ్యాన్‌నీ తిట్టేవాళ్లు ముందు చూడాల్సింది ఆ సందునే. మీద ఇంకో దోమతెర ముక్క కప్పి, సుతిలి తాడుతో ఆరేసి అంగుళాలకొక కుట్టు చొప్పున జాలీకి బిగించండి. జనపనార సుతిలి నెలలో కుళ్లుతుంది, నైలాన్‌ది మంచిది. అయ్యాక తలుపు ఎత్తి వెలుతురుకి పట్టండి. చిన్న చిన్న చుక్కలుగా వెలుగు కనిపిస్తే బాగుంది. నాణెమంత కన్నాలుంటే వేళ్లు తక్కువయ్యాయి. అసలేమీ కనిపించకపోతే మరీ దట్టించారు, గాలి ఆడదు.

నీళ్ల మోటరుని సన్నటి నైలాన్ సంచిలోనో పాత సాక్సులోనో పెట్టి ట్యాంకులో దించండి. మొదటి వారం వేరుముక్కలు రాలుతూనే ఉంటాయి. అవి మోటరు నోట్లో ఇరుక్కుంటే అది వేడెక్కి కాలిపోతుంది. పైనున్న నీటి పైపు కన్నాలన్నీ పిన్నీసుతో పొడవాలి. మోటరు వేసిన పది నిమిషాల్లో తలుపు అంచు నుంచి అంచు దాకా తడవాలి, ఆ తర్వాతే ఫ్యాన్. మొదటి రెండు రోజులూ ట్యాంకులో నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. పారబోసి కొత్తవి పోస్తే తర్వాత తేరుకుంటాయి.

రేకు కూలర్ విషయంలో ప్రాణం మీదికొచ్చే సంగతొకటి ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్ లేకుండా దాన్ని వాడకూడదు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఇంటి మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

వేళ్లను చెడగొట్టేది బోరు నీళ్లు. మంజీరా కుళాయి నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బెడద తక్కువ. కూలర్‌లో నీరు ఆవిరై పోతుంది, అందులోని ఉప్పులు మాత్రం ట్యాంకులోనే మిగిలి రోజురోజుకీ చిక్కబడతాయి. మే నెల మధ్యాహ్నం ఓ మాదిరి కూలర్ గంటకు ఐదు నుంచి పది లీటర్లు తాగుతుంది. రోజుల తరబడి పైపైన నింపుకుంటూ పోతే వేళ్లమీద తెల్ల పెంకు కట్టి వాసనా ఆగుతుంది, గాలీ ఆగుతుంది. బోరు నీళ్లయితే రెండు రోజులకోసారి అడుగు నీళ్లు పూర్తిగా వదిలేయాలి. మోటరుకి పట్టిన పెంకు నిమ్మఉప్పు నీళ్లలో పోతుంది గానీ ఆ నీళ్లు వేళ్లమీద పోయకండి. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి గోడలు పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకి అతుక్కుంటాయి. నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.

నీచు వాసనకి కారణం వేళ్లు కావు, ఆరని తడి. రాత్రి ఆపబోయే ముందు మోటరు ఆపేసి, ఫ్యాన్ ఒక్కటే అరగంట తిప్పండి. వేళ్లు పొడిబారుతాయి, మర్నాడు తడవగానే వాసన మళ్లీ తాజాగా లేస్తుంది. ఈ ఒక్క అలవాటు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ జూన్ మొదటి వారంలో తేడా తెలిసిపోతుంది.

కూలర్ పనిచేయాలంటే బయటి గాలి తీసుకోవాలి, ఎదురుగా ఒక కిటికీ జానెడు తెరిచి ఉండాలి. గది తలుపులు, కిటికీలు అన్నీ మూస్తే లోపల జిడ్డుగా ఉక్కపోస్తుంది, వాసన కూడా మురిగినట్టవుతుంది. బయట 40 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు, బాగా తడిసిన తలుపు గాలిని 28 డిగ్రీల దగ్గరికి దించగలదు. అదే జూలైలో 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే మూడు నాలుగు డిగ్రీలకు మించి తగ్గదు. దక్కన్ పీఠభూమి మీది పొడి ఎండకు సరిపోయే యంత్రం ఇది, కోస్తా ఉక్కకు కాదు.

పది నిమిషాలకే వాసన పోయిందని అమ్మినవాళ్ల మీద కోపగించుకునేవారికి ఒక మాట. పోయింది వాసన కాదు, ముక్కు అలవాటు పడింది. గదిలో ఉన్నవాళ్లకంటే ఎండలోంచి వచ్చి గడప దాటేవాళ్లకే అది బాగా తెలుస్తుంది. స్కూల్ బస్సు దిగి వచ్చే పిల్లలకూ, మధ్యాహ్నం తలుపు తట్టే చుట్టానికీ ముందు తగిలేది అదే. పిల్లల ముక్కులో ‘మన ఇల్లు’ అని నిలిచిపోవాలంటే ఏటా అదే కాలంలో అదే వాసన రావాలి. అందుకే రకరకాల సువాసనలు మార్చడం కంటే ఒక్కదాన్ని పట్టుకుని ఉండటమే మంచిదంటాను.

అట్ట ప్యాడ్ ఉన్న ప్లాస్టిక్ కూలర్ అయితే ప్యాడ్ తీసి వట్టివేళ్లు దూర్చకండి, నీటి తుంపరలు గదిలోకి ఎగురుతాయి. వంద గ్రాముల వేళ్లను పల్చటి నూలుగుడ్డలో చదునుగా కుట్టి, వెనక గ్రిల్‌కి బయటివైపు కట్టి, పొద్దునా మధ్యాహ్నం నీళ్లు చల్లండి. ట్యాంకులో వేయడం మాత్రం పొరపాటు. రోజంతా మునిగి ఉండి కుళ్లుతాయి. కూలరే లేనివాళ్లు తాగేనీటి మట్టికుండలో చిటికెనవేలంత కట్ట వేసుకోవచ్చు. ముందు బాగా కడగాలి, మూడు రోజులకోసారి తీసి ఎండబెట్టాలి. దీనికి తినే అవసరాలకని విడిగా అమ్మే వేళ్లే కొనండి, కూలర్ కోసం తెచ్చినవి వద్దు.

వానలు పడ్డాక కుట్లు విప్పి, వేళ్లు దులిపి, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టండి. కరకరలాడేలా ఆరాక పాత నూలు దుప్పటిలో చుట్టి బీరువా పైన పెట్టాలి. పాలిథీన్ సంచిలో పెడితే బూజు పడుతుంది. మరుసటి మార్చిలో పిడికెడు తీసి తడిపి నలపండి. వాసన సగమే వస్తే పాతవి అడుగున పరిచి, పైన పావుకిలో కొత్త వేళ్లు వేసి కట్టుకుంటే ఆ ఏడు గడుస్తుంది.